డైమండ్ కాటుకు అర్హులు

చిలకలూరిపేట పత్తి జిన్నింగ్ మిల్లు యజమాని యలమందయ్యగారింట్లో కొత్తగా దిగిన ఫెర్రెట్ మనుషుల్ని కరుస్తోందన్న పుకారులో ఎంతమాత్రం నిజం లేదని ఆయన ముఖ్య అనుచరుడు కోటేష్ పత్రికలవారికి ఒక ప్రకటన రాసిచ్చాడు. ఎడమచేత్తో రాసినందువల్ల అక్షరాలు కుదరలేదని, మన్నించమని అందులోనే కోరాడు. కుడిచేతికి అప్పటికే కట్టు ఉంది.

ఫెర్రెట్ అంటే ఏమిటో తెలియనివారికి రెండు ముక్కలు. ఒళ్లు పొడుగు, కాళ్లు పొట్టి, మూతి కోసు, పళ్లు సూదులు. పరదేశపు జంతువు. మన ఎండకు తట్టుకోలేదు కాబట్టి ఏసీ గదిలో ఉంటుంది. చూడటానికి అచ్చం ముంగిస, కాని ఆ మాట యలమందయ్యగారి ఎదుట అనకూడదు. మొదటిరోజే ఆయన తల్లి వెంకటరావమ్మ, "ముంగిసకి ఏసీ ఏందిరా? మన మిరపచేలో గట్టుకొకటి తిరగతా ఉంటే!" అన్నందుకు ఆయన అలిగి ఆ పూట అన్నం మానేశారు.

ఆయన్ను తప్పు పట్టలేం. యలమందయ్యగారికి పత్తిగింజల సంక్షేమ మండలి అధ్యక్ష పదవి కావాలి. పత్తిగింజలకు సంక్షేమమేమిటని అడిగేవాళ్లు రాష్ట్రాభివృద్ధికి గొడ్డలిపెట్టు. ఆ మండలికి ఆఫీసు లేదు, పని లేదు, కాని కారుకు తగిలించుకునే బోర్డు ఉంది. ఆ బోర్డు కోసం ఆయన ఎన్నాళ్లుగానో పార్టీ జెండాలు మోశారు, మోసేవాళ్లకు బిర్యానీలు పెట్టారు. పదవి ఇవ్వవలసిన పెద్దాయనకు జంతువులంటే ప్రాణమని కోటేష్ ఆరా తీసుకొచ్చాడు. ఎదురు మిల్లాయన అప్పటికే ఒక రంగుల చిలకను తెచ్చి, అది ఇంగ్లీషులో తిడుతుందని ఊరంతా చెప్పుకుంటున్నాడు. కుక్కలంటారా, ప్రతి మిల్లు గేటుకూ ఉన్నాయి. ఈ గడ్డమీద ఎవరిదగ్గరా లేని జంతువు కావాలి. అలా ఫెర్రెట్ వచ్చింది. డైమండ్ అని పేరు పెట్టారు. పెద్దాయన పదిహేను రోజుల్లో భోజనానికి వస్తానని మాటిచ్చాడు.

డైమండ్ వచ్చిన పూటే పనిమనిషి పుల్లమ్మను కరిచింది. ఇంటిల్లిపాదీ దాన్ని ఆటగా భావించారు. పసుపు అద్దుకోమని ఆమెకు సలహా ఇచ్చారు. తర్వాత డ్రైవర్ జాన్ బాషాను కరిచింది, అదీ ఆటే. మూడోసారి యలమందయ్యగారి చూపుడువేలు పట్టుకుని వేలాడింది. అప్పుడది సమస్య అని అందరికీ ఒక్కసారిగా అర్థమైంది.

సమస్య పరిష్కారానికి ఊళ్లో ఉన్న మేధస్సంతా కదిలింది. ఒకరు తేలుమంత్రం వేయించారు. ఒకరు ప్రార్థన చేయించారు. మనది మిరపనేల గనక చేతులకు కారం పూసుకుంటే ఏ జంతువైనా నోరు పెట్టదని కోటేష్ తేల్చాడు. యలమందయ్యగారు మేలురకం మిరప్పొడి నూనెలో కలిపి మోచేతులదాకా పట్టించుకున్నారు. డైమండ్ వాసన చూసి నిజంగానే దూరం జరిగింది. ఆ ఆనందంలో ఆయన కళ్లు తుడుచుకున్నారు. తర్వాత జరిగింది వీధి చివరిదాకా వినపడింది.

చివరికి పొదిలి నుంచి పశువుల డాక్టరు షఫీక్‌ను కారు పంపి పిలిపించారు. ఆయన గేదెల్లో ఘనుడు. అయినా చదువుకున్నవాడు కాబట్టి కాసేపు జంతువును, అంతకంటే ఎక్కువసేపు మనుషుల్ని చూశాడు.

"దీని తప్పేం లేదండి," అన్నాడు. "నిద్రపోయేదాన్ని లేపి ఫొటోలు దిగతన్నారు. పైనుంచి చెయ్యి దించితే గద్దేమో అనుకొని భయపడుద్ది. కరవగానే మీరు గావుకేక పెట్టి కింద వదిలేస్తన్నారు. కరిస్తే పనవుద్దని దానికి నేర్పింది మీరేనండి."

ఈ సూత్రం యలమందయ్యగారికి కొత్త కాదు. ఆయన మిల్లుకు పర్మిషన్లన్నీ ఆ సూత్రం మీదే వచ్చాయి. అది జంతువులకు కూడా తెలుసని తెలిసి ఆయనకు డైమండ్ మీద గౌరవం కలిగింది.

"మరి మానేదెట్టాగండి డాక్టరుగారూ?"

"కరిచినా అరవకండి. చెయ్యి విదిలించకండి. కింద వదలకండి. ఓర్చుకొని అట్టానే పట్టుకోండి. కరవడం వల్ల లాభం లేదని తెలిస్తే అదే మానుకుంటది. ముందు మీ జనాన్ని ఆపండి."

యలమందయ్యగారి కూతురు తేజశ్రీ ఈ మాటలన్నీ శ్రద్ధగా వింది. మిగతావాళ్లు డాక్టరుగారితో, డైమండ్‌తో కలిపి ఫొటో దిగారు. నొప్పి పుడితే అరవకుండా ఉండటం మనుషుల వల్ల అయ్యే పనేనా అని డాక్టరును కారెక్కించి వచ్చాక కోటేష్ ఎద్దేవా చేశాడు.

పెద్దాయన వచ్చాడు. చీరాల పట్టు శాలువా కప్పించుకున్నాడు, నాటుకోడి పులుసు మెచ్చుకున్నాడు, చెయ్యి కడుక్కుని "ఏదయ్యా నీ జంతువు?" అన్నాడు.

"నిద్రపోతోంది నాన్నా, ఇప్పుడు లేపొద్దు," అంది తేజశ్రీ. ఆమెను పాయసం తెమ్మని లోపలికి పంపారు. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. పెద్దాయన తన అలవాటు ప్రకారం పైనుంచి కిందికి చెయ్యి చాపాడు. డైమండ్ తన అలవాటు ప్రకారం బొటనవేలు అందుకుంది.

వంట మనిషి గరిటె కూడా ఆగిపోయింది. కారు మీద బోర్డు గాలికి ఎగిరిపోతున్నట్టు యలమందయ్యగారికి కళ్లముందు కనిపించింది. పెద్దాయన మొహం ఎర్రబడింది, అరవడానికి నోరు తెరుచుకుంది. కాని కెమెరాలు ఉన్నాయి. నలభై ఏళ్ల ప్రజాజీవితం ఆయన్ను కాపాడింది.

"సోదరులారా!" అన్నాడు, వేలికి జంతువు వేలాడుతుండగానే. "ఇది కాటు కాదు. అనుబంధం! ఈ మూగజీవి వేలమంది మధ్య నిస్వార్థ సేవకుణ్ణి గుర్తుపట్టింది. నా రక్తం ఒక్క బొట్టు ఈ పల్నాటి మట్టిమీద పడిందంటే అది నా పూర్వజన్మ సుకృతం!"

చప్పట్లు మోగాయి. కోటేష్ కళ్లనీళ్లు పెట్టుకుని, "నన్ను ముందే గుర్తుపట్టింది సార్," అని తన కట్టు విప్పి చూపించాడు. పెద్దాయన అతణ్ణి కౌగిలించుకున్నాడు. ఆ కౌగిలింతను టీవీల్లో జిల్లా అంతా చూసింది.

మర్నాడు తెల్లవారేసరికి యలమందయ్యగారి గేటు ముందు బారు. డైమండ్ కరిచినవాడు మనవాడు, కరవనివాడు ఎవరో అన్నది పార్టీలో ఖరారైంది. బదిలీలు కావలసినవారు, కాంట్రాక్టులు కావలసినవారు, ఏమీ అక్కర్లేకపోయినా ముందుజాగ్రత్త కలవారు వేళ్లు కడుక్కుని వచ్చారు. కరిపించుకోకుండానే కట్టు కట్టుకు తిరుగుతున్న మోసగాళ్లు బయటపడటంతో కట్టు విప్పి పంటిగాట్లు చూసేందుకు ఒక తనిఖీ సంఘం వేశారు. ఊళ్లో ఒక ఆసుపత్రిలో కుక్కకాటు ఇంజెక్షన్లు అయిపోయాయి. వీధికుక్క కరిచి వచ్చిన మిరపకాయల కూలీలను, అది మామూలు కాటు కాబట్టి వచ్చేవారం రమ్మన్నారు.

ఆ రోజుల్లోనే పుల్లమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చి, "అయ్యగారూ, అందరికన్నా ముందు కరిచింది నన్నే గదండీ. మా పిల్లోడు కరుణాకర్‌కి హాస్టల్లో సీటు ఇప్పిచ్చండయ్యా," అంది. యలమందయ్యగారు నొచ్చుకున్నారు. ఆమెది విధానం అమల్లోకి రాకముందు పడిన కాటని, అది పనిలో భాగంగా జరిగిందని, అనుబంధం కిందికి రాదని ఓపికగా వివరించారు.

ఇంతలో ఎవరూ ఊహించనిది జరిగింది. డైమండ్ కరవడం మానేసింది.

ఎందుకు మానదు? వచ్చినవాడల్లా వేలు నోట్లో పెట్టి, కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. ఒక్కడూ అరవలేదు. ఒక్కడూ విదిలించలేదు. ఒక్కడూ కింద వదల్లేదు. డాక్టరు చెప్పిన వైద్యాన్ని తేజశ్రీ ఒక్కతే చేస్తే ఏడాది పట్టేదేమో, ఊరంతా కలిసి భక్తితో చేసేసింది. ఎంత కరిచినా ఈ జాతికి నొప్పి లేదని, కరిచి లాభం లేదని ఆ జంతువుకు తెలిసిపోయింది. ఇప్పుడు వేలు పెడితే నాకుతోంది.

అదీ ఎప్పుడు? పెద్దాయన పుట్టినరోజు ముందురోజు. మర్నాడు పార్టీవారందరికీ సామూహిక కాటు కార్యక్రమం. అది సవ్యంగా జరిగితే ఆ వేదికమీదే యలమందయ్యగారి పదవి ప్రకటిస్తారు.

ఆయన డైమండ్ ముందు వేలు ఆడించారు, బతిమాలారు, తిట్టారు. అది నాకింది. పొదిలికి ఫోన్ చేసి, కరిపించే మందేదైనా ఉందా అని అడిగారు. "మళ్లీ బెదరగొట్టాలండి. ఆ పాపం నాకొద్దు," అని డాక్టరు పెట్టేశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బెదిరించడానికి కర్ర తీసుకుని వెళ్తే తేజశ్రీ డైమండ్‌ను ఒళ్లో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది.

"దీన్ని కొట్టనియ్యను నాన్నా. ఇన్నాళ్లకి భయం పోయి హాయిగా ఉంది. మీకంత పదవి కావాలంటే మీరే కరుచుకోండి!"

పిల్లలు కోపంలో ఏదో అంటారు. తెలివిగల తండ్రి అందులో సారం గ్రహిస్తాడు.

పుట్టినరోజు నాడు మిల్లు ఆవరణలో షామియానా వేశారు. జనం తాకిడికి డైమండ్ అలసిపోయిందని, దర్శనం తెర వెనకనే అని, చెయ్యి మాత్రం తెరలోకి పెట్టాలని కోటేష్ మైకులో ప్రకటించాడు. తెర వెనక పెద్ద కుర్చీలో యలమందయ్యగారు కిళ్లీ నములుతూ కూర్చున్నారు. చేతులు రావడం మొదలుపెట్టాయి. ఆయన కాదనకుండా అందరినీ అనుగ్రహించారు. మధ్యాహ్నానికి దవడలు లాగాయి, అయినా బోర్డును తలుచుకుని పట్టు సడలనివ్వలేదు. బయటికి వెళ్లినవాళ్లు గాట్లు పోల్చిచూసుకుని, జంతువు బాగా ఎదిగిందని సంతోషించారు. తనిఖీ సంఘం అన్నింటినీ ఆమోదించింది.

సాయంత్రం వేళ నతానియేలు మాస్టారి వంతు వచ్చింది. పొదిలి దగ్గర బడిలో సైన్సు చెప్తారాయన. చీరాలకు బదిలీ కావాలి. కాటు పడ్డాక చెయ్యి బయటికి తీసుకుని వెలుతురులో చూసుకున్నారు. పైవరస, కిందివరస, వెడల్పాటి పళ్లు, చుట్టూ కిళ్లీ ఎరుపు. జంతువుల దంతాల పాఠం ఎన్నేళ్లుగానో చెప్తున్న మనిషి, ఆ గాటును చాలాసేపు చూశారు. తెర వెనక యలమందయ్యగారు కిళ్లీ నమలడం ఆపారు. ఆయన పదవి మొత్తం ఆ క్షణాన ఒక బడిపంతులు నోట్లో ఉంది.

మాస్టారు తెరకు దగ్గరగా వంగారు.

"చైర్మన్‌గారూ," అన్నారు వినయంగా, "ఇది సరిగా పడలేదండి, ఆఫీసుకెళ్లేసరికి మానిపోద్ది. ఇంకాస్త గట్టిగా పట్టండి. ఇదిగో, ఈ రెండో చెయ్యి మా ఆవిడ తరఫున."

వెనక వరసలో ఉన్నవాళ్లందరికీ ఆ మాట వినపడింది. రెండో చేతి వేళ్లకున్న ఉంగరాలు కూడా తీసి జేబుల్లో వేసుకున్నారు.