పసుపు పూసిన పరదా

ఆ పొద్దున పోశాలు అనుకున్న పని చాలా చిన్నది. కల్లంలో ఆరబోసిన మిర్చికి ఇంకొక్క ఎండ తగలనిచ్చి, కుప్పచేసి, పరదా కప్పి, మర్నాడు మార్కెట్టుకు తోలడం. ఏడాది కష్టమంతా ఆ మిర్చిలోనే ఉంది. అది తడిస్తే ఇంటిల్లిపాదీ మునిగినట్టే. చిట్యాల వైపు ఆకాశం చూస్తే మబ్బు పట్టేలాగే ఉంది.

అటక మీది ప్లాస్టిక్ పరదాను దించి దులిపాడు. ఏళ్ళ తరబడి ఎండలో మాడిన పరదా కదా, అప్పడంలా పెళుసుబారి అంచులు రాలాయి. హన్మకొండలో డిగ్రీ చదివే కూతురు జ్యోత్స్నకు ఫోన్ చేశాడు.

"ఎండ వెలుగుకు ప్లాస్టిక్ లోపట్నుంచే ఖరాబైతది బాపూ. పసుపుల, ఏపాకుల, చాయపత్తల దాన్ని ఆపే గుణముంటదట. గవి కలిపితే జల్ది పాడుకాదని మా సార్ చెప్పిండు. గని..."

'గని' తర్వాతి మాట వినే ఓపిక పోశాలుకు పుట్టుకతోనే లేదు. ఫోన్ పెట్టేసి, ఇంట్లో పసుపంతా కుమ్మరించి, వేపాకు నూరి, పరదాకు దిట్టంగా మెత్తాడు.

"అయ్యో, నీ తెలివి తెల్లారిపోను! కూరలకు చిటికెడన్న ఉంచకపోతివి!" అని భార్య కట్టమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ కోపంతోనే పసుపు కొనడానికి చిట్యాల పోయింది. పోశాలు పరదాను వాకిట్లో ఆరేసి, మిగిలిన వేపరెబ్బలను గడపలో పడేసి, ఒళ్ళంతా పచ్చపచ్చగా మంచం మీద వాలాడు.

అప్పుడొచ్చింది యాకమ్మ, కూలీల పెద్ద. పసుపు గుడ్డ, గడపలో వేపాకు, మంచంలో మనిషి. ఇంకేం అడగాలి? పొక్కులు పోస్తే తల్లి పోసిందంటారు. ఆ ఇంటి గడప తొక్కరు, ఏమైందని కూడా అడగరు. చెంపలేసుకుని వెనుదిరిగింది. అంతే, కూలీలు రాలేదు. ట్రాలీ ఆటో ధర్మా ఆ సందులోకే రానన్నాడు. ఎవరో చప్పుడు చేయకుండా వాకిట్లో పెరుగన్నం పెట్టి పోయారు.

"కూలోళ్ళు రాకున్నా బువ్వయితే వచ్చింది" అనుకుంటూ పోశాలు గిన్నె ఊడ్చేశాడు.

ఇంతలో ఉరిమింది. పరదా భుజాన వేసుకుని వీధి వెంట పరుగెత్తాడు. "ఉరికి రాండ్రి! మిర్చి తడుస్తంది!" మామూలుగా మబ్బు కమ్మితే ఎవరి పంటైనా ఊరంతా గంపలతో ఉరుకుతుంది. ఆ రోజు మాత్రం తలుపులు వరసగా మూసుకున్నాయి. "తల్లీ, సల్లగ సూడు" అని లోపలినుంచి దండాలు వినిపించాయి.

కల్లంలో ఒక్కడే పరదా కప్పాడు. మొదటి గాలికే అది ముక్కలు ముక్కలైంది. అప్పుడే జ్యోత్స్న ఫోను. "బాపూ, సగమే వింటివి! ప్లాస్టిక్ తయారుచేసేటప్పుడే లోపట కలపాలె. మీదికెళ్ళి పూస్తె ఏం ఫాయిదా లేదు!" పోశాలు వానలో నిలబడి గొల్లుమన్నాడు.

తడిసి ముద్దయి వచ్చిన కట్టమ్మ సంగతి విని వీధి అదిరేలా అరిచింది. "తల్లి పోసుడేంది! ఈయనకు పోయేకాలమొచ్చి పరదకు పసుపు పూసిండు!"

ఊరు సిగ్గుపడింది. తెల్లవారేసరికి గంపలతో, పిల్లాజెల్లాతో పోశాలు ఇంటికొచ్చింది. పోశాలు మంచం దిగలేకపోతున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. చొక్కా ఎత్తి చూసుకుంటే ఛాతీ నిండా నీటి పొక్కులు.

"దూరముండుండ్రి! నిజంగనే పోసింది!" అని అరిచాడు.

"ఊకో అన్నా! ఒక్కపారి మోసపోయినం, మల్ల పోతమా?" అంటూ యాకమ్మ అవి ఎండిన పసుపు చుక్కలేననుకుని ఆ పొక్కులను బొటనవేలితో రుద్ది చూసింది. అందరూ పగలబడి నవ్వారు. మంచం చుట్టూ కూర్చుని చాయ తాగి, పొద్దుగూకేదాకా తడి మిర్చి ఏరి సగం పంట దక్కించారు.

నెలాఖరుకల్లా ఆ ఊళ్ళో ప్రతి గడపలో వేపరెబ్బలే, ఎవరింటికీ ఎవరూ పోవడం లేదు.