అత్తయ్య దుంపలూ నా అయోడిన్ చుక్కలూ

మా అత్తగారు ఐలి ఏటా క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే బంగాళాదుంపల్ని నిద్రపుచ్చుతారు. ఉడికించి, మెదిపి, కాస్త వేడి తగ్గాక గుప్పెడు గోధుమపిండి కలిపి, పొయ్యి పక్కన పెడతారు. ఆరు గంటల తర్వాత చూస్తే, చక్కెర పలుకు వెయ్యకుండానే దుంపలు తీపెక్కి ఉంటాయి. మా హమే ప్రాంతంలో ఈ వంటకం లేని పండగ పండగే కాదు.

"ఆరు గంటలెందుకత్తయ్యా? పిండిలో ఉన్న ఎంజైములే దుంపల్ని తీపి చేస్తాయి. ఎంత వేగంగా చేస్తాయో కొలిచి చూపిస్తా. మూడు గంటల్లో అయిపోతే ఇకనుంచి ఈ వంట నాది!"

నేను ఈ ఇంటి కోడలినై నాలుగేళ్లు. ఇప్పటిదాకా నా చేతికొచ్చిన పండగ బాధ్యత న్యాప్కిన్లు మడతపెట్టడం.

"నీ ఇష్టం తల్లీ," అన్నారావిడ, అనుమానం వచ్చేంత త్వరగా.

పది నిమిషాలకోసారి తెల్ల ప్లేట్లో చెంచాడు ముద్ద, దానిమీద అయోడిన్ చుక్క. దుంపలో పిండిపదార్థం మిగిలుంటే ముదురు నీలం. అది చక్కెరగా మారిపోతే టీ రంగు.

"బ్లూబెర్రీలెక్కడివి?" మా ఆయన ఓస్మో వేలు పెట్టబోయాడు.

"నాకకు! అయోడిన్!"

"పెళ్లయిన కొత్తలో కాఫీ ఇచ్చేదానివి."

గంటైనా నీలమే. వెచ్చగా ఉంటే పని చేసేవి, వేడిగా ఉంటే పరిగెడతాయిగా! మంట పెంచాను. గిన్నె కుతకుతలాడింది. ఆ తర్వాత ప్రతి చుక్కా నీలమే.

"ఏమయ్యాయి నీ ఎంజైములు?" అన్నాడు ఓస్మో.

"ఉడికి... చచ్చిపోయాయి."

"పండగపూట! సంతాపానికి నల్ల కోటు బయటికి తియ్యనా?"

అత్తయ్య వచ్చి గిన్నెకి చెయ్యి ఆన్చి చటుక్కున తీసేశారు. "చల్లారనివ్వు. చెయ్యి పెట్టి మూడు లెక్కపెట్టగలిగినప్పుడు ఇంకో గుప్పెడు పిండి వెయ్యి. ఇక దాన్ని తొందరపెట్టకు."

తొందరపెట్టలేదు. బయట మంచు పడుతోంది, శబ్దం లేకుండా. గరిటె తిప్పుతుంటే, ఎవరో నిద్రలో ఊపిరి వదిలినట్టు ముద్ద మెల్లగా వదులైంది. మధ్యాహ్నం రెండున్నరకే చలికాలపు సందె మొదలై కిటికీలో ఆకాశం నీలమయ్యేసరికి, ప్లేట్లో నీలం విరిగి ఊదా అయింది. తర్వాత ఇటుక రంగు. తర్వాత టీ. రుచి చూశాను. తీపి.

"ఆరు గంటలూ పట్టిందత్తయ్యా. ఓడిపోయాను."

"ఓడిపోవడమేంటే! చెడగొట్టి బాగుచేసుకున్నావ్. ఇకనుంచి ఈ వంట నీదే. ఓవెన్లో ఇంకో మూడు గంటలు, అడుగంటకుండా పక్కనే ఉండు."

నేను పొంగిపోయేలోపే ఆవిడ భుజాన తువ్వాలు పడింది.

"ఎక్కడికత్తయ్యా?"

"పండగ ఆవిరిస్నానానికి. ముప్ఫై రెండేళ్లుగా ఈ గిన్నెకి కాపలా. ఏటా అందరూ స్నానం చేసొచ్చాక మిగిలిన గోరువెచ్చటి ఆవిరే నాకు. ఇవాళ మొదటి ఆవిరి నాది!"

మంచులో అడుగులు దూరమయ్యాయి. పెరట్లో స్నానాల గుడిసె కిటికీ పసుపచ్చగా వెలిగింది. కాసేపటికి లోపలినుంచి పాట మొదలైంది.

"అమ్మ పాటలు కూడా పాడుతుందా?" అన్నాడు ఓస్మో.