గాలి పోతే బయటికొస్తుంది

ఆ బుధవారం అవని పెట్టుకున్న పని చిన్నదే. భర్త తేజేశ్వర్‌కు డబ్బాలో చిక్కుడుకాయ కూర సర్ది ఆఫీసుకు పంపాలి. ఎనిమిదిన్నరకు తను మేడ మీద ల్యాప్‌టాప్ తెరిచి మీటింగ్‌లో కూర్చోవాలి. అమెరికాలో వాళ్ళుండే ఫార్మింగ్టన్ హిల్స్ అంతా పొగమంచు కమ్మేసి ఎదురింటి మెయిల్‌బాక్స్ కూడా కనిపించడం లేదు. డబ్బా ఇద్దామని గరాజ్ తలుపు తీయబోయిన అవని, లోపల మాటలు వినిపించి ఆగి, తలుపు సందులోంచి చూసింది.

లోపల లైటు లేదు. తేజేశ్వర్ ఒక్కడే వ్యాన్ చుట్టూ తిరుగుతున్నాడు. టైరు మీద వేలు పెట్టి, "పగల్లేదు, వంగలేదు, విరగలేదు" అన్నాడు. అద్దాన్ని ముట్టుకుని మళ్ళీ అవే మాటలు. చివరికి సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. "గాలి ఉంది. గాలి పోతోంది. ఇంకాస్త పోతే దానంతటదే బయటికొస్తుంది."

అవని పిరికిది కాదు. కానీ ఏడేళ్ళ కాపురంలో ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. డబ్బా గుమ్మంలో పెట్టి చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేసింది. వ్యాన్ వెళ్ళిపోయాక, రెండిళ్ళ అవతల ఉండే జ్ఞానప్రసూన గారికి ఫోన్ చేసింది. ఆవిడ ముప్పై అయిదేళ్ళు ఆపరేషన్ థియేటర్లో మత్తుమందు ఇచ్చి రిటైరయిన డాక్టరు. ఆవిడకు సైన్సంటే గట్టి నమ్మకం, దెయ్యాలంటే ఇంకాస్త గట్టి నమ్మకం.

"గాలి అన్నాడా? తన నోటితోనే?"

"అవునాంటీ. బయటికొస్తుందని కూడా అన్నాడు."

"గాలి సోకినవాడు తనే ఒప్పుకోవడం నేనెక్కడా వినలేదు. బట్టలకి వాసనేమైనా వస్తోందా?"

"కొన్ని నెలల్నుంచీ డీజిల్ వాసన. మాది డీజిల్ బండి కాదు."

"ముందు వాళ్ళ ఆఫీస్‌కి కాల్ చెయ్యి. అంకుల్‌ని తీసుకుని వస్తున్నా."

దంపతులు గుమ్మంలో అడుగుపెట్టేసరికి అవని ఫోన్ స్పీకర్లో ఉంది. ఆఫీసు అమ్మాయి కాసేపు వెతికి, "అయామ్ సారీ. హి ఈజ్ నో లాంగర్ విత్ అస్. సిన్స్ జులై" అంది. మామూలు రోజయితే ఆ మాటకు అర్థం అవనికి చిటికెలో తట్టేది. ఈలోగా జ్ఞానప్రసూన గారు సోఫాలో కూలబడ్డారు.

"ఆ మాట నేను ఐసీయూ బయట నిలబడి ఎన్నోసార్లు చెప్పానమ్మా. దానికి ఒకటే అర్థం."

"మరి పొద్దున డబ్బా పట్టుకెళ్ళిందెవరాంటీ?"

ఆవిడ భర్త కేశవరావు గారు కారు తాళాలు చేతిలోకి తీసుకున్నారు. ఆయన ఇంట్లో సొంత అభిప్రాయం చెప్పి నలభై ఏళ్ళు దాటింది.

అవని ఫోన్లో తేజేశ్వర్ ఎక్కడున్నాడో చూపించే నీలం చుక్క ఊరి బయట ఆగి ఉంది. "పక్కన ఏముంది?" అన్నారు జ్ఞానప్రసూన గారు. అవని మ్యాప్‌ను పెద్దది చేసి చూసింది. "సెమెటరీ ఆంటీ." ముగ్గురూ కారెక్కారు. దారి పొడుగునా జ్ఞానప్రసూన గారి ఒళ్ళో నిమ్మకాయల సంచి కుదుపులకు అటూ ఇటూ కదిలింది.

అక్కడ ఇనప కంచె అవతల, పొగమంచులో కొండంత నల్లటి ఆకారం. దాని చుట్టూ తేజేశ్వర్, ఒక్కో చక్రాన్నీ ముట్టుకుంటూ, "నాట్ క్రాక్డ్, నాట్ బెంట్, నాట్ బ్రోకెన్."

"ఇంగ్లీషులోకి మారింది," అన్నారు జ్ఞానప్రసూన గారు.

అతని వెనకే ముసుగు కప్పుకున్న మనిషి ఒకరు ఏదో రాసుకుంటూ నడుస్తున్నారు. తేజేశ్వర్ ఆ ఆకారంలోకి ఎక్కాడు. ఒక నిమిషం పాటు అలికిడి లేదు. తర్వాత చచ్చిపోతున్న జంతువు ఆఖరి ఊపిరి వదిలినట్టు పెద్దగా 'పశ్' మంది. జ్ఞానప్రసూన గారు సంచి ఎత్తి కంచె అవతలికి కుమ్మరించారు. నిమ్మకాయలన్నీ దొర్లుకుంటూ చక్రాల కిందికి పోయాయి.

"తేజా, నువ్వు ఉన్నావా?" అంది అవని ఏడుస్తూ.

తేజేశ్వర్ కిందికి దిగాడు. భార్యను చూసి మొహం పాలిపోయింది. ముసుగు మనిషి టోపీ వెనక్కి తోసింది. చూస్తే ఆమె లారీ లైసెన్సు పరీక్ష అధికారి, ఆ నల్లటిది పద్దెనిమిది చక్రాల ట్రక్కు. ఆ 'పశ్' దాని బ్రేకుల్లోంచి పోయిన గాలి; గాలి తగ్గాక బ్రేకు మీట దానంతటదే బయటికొస్తుందో లేదో చూడడం పరీక్షలో ఒక అంశం. ఆమె కలం ఎత్తి పట్టుకుని అతని వైపే చూస్తోంది. తేజేశ్వర్ ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత మోకాళ్ళ మీద వంగి, ట్రక్కు కిందికి టార్చి వేసి, "అండర్ ద వెహికల్, ఫారిన్ ఆబ్జెక్ట్స్. రిమూవ్డ్" అంటూ పదకొండు నిమ్మకాయలు ఏరాడు. బండి కింద చూడడమొక్కటే అప్పటిదాకా అతను మరిచిపోయిన అంశం. ఆమె టిక్కు పెట్టింది.

రోడ్డు మీద నడిపే పరీక్ష కూడా పాసై వచ్చేదాకా అవని కంచె పట్టుకునే నిలబడింది.

"జులైలో లేఆఫ్ అయింది. నీ మొహం చూస్తే చెప్పలేకపోయాను," అన్నాడు తేజేశ్వర్. "మనవాళ్ళు లారీ డ్రైవర్ అంటే..."

"నువ్వు చచ్చిపోయావనుకున్నాను. దానికంటే లారీ డ్రైవర్ నయం కాదా?" అవని అతని చెయ్యి మీద ఒక్కటి వేసి, మళ్ళీ ఆ చెయ్యే గట్టిగా పట్టుకుంది. "లారీయే ఎందుకు?"

"ఏడేళ్ళు నేను రాసిన కోడ్ ఏ కారులోకి వెళ్ళిందో నాకు తెలీదు అవనీ. ఇక్కడ ఒహాయోకి ఉల్లిపాయలు తోలితే, అవి ఒహాయోలో దిగుతాయి. దిగాక ఎవరూ స్టేటస్ అడగరు. బండిలో మాట్లాడేవాళ్ళు కూడా ఉండరు."

"బాబూ," అన్నారు కేశవరావు గారు. ఉదయం నుంచీ అదే ఆయన మొదటి మాట. "దీనికి ఏజ్ లిమిట్ ఏమైనా ఉందా?"

మరుసటి బుధవారం ఉదయమే జ్ఞానప్రసూన గారు ఫోన్ చేశారు. "అవనీ, అంకుల్ చీకట్లో కారు చుట్టూ తిరుగుతూ గాలి, గాలి అంటున్నారమ్మా."

అవని నిమ్మకాయలు పంపలేదు. తేజేశ్వర్ పరీక్ష పుస్తకం పంపింది.