గూఢచారుల కాపురానికి మంత్రిగారి పూచీ

"ఆ దంపతుల కాపురం నిలబెట్టే పూచీ ప్రభుత్వానిది" అని మంత్రి బసవపున్నయ్యగారు బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు.

ఆ దంపతులు ఏ ఊరివాళ్ళూ కారు. టీవీ సీరియల్లో వాళ్ళు. మొగుడు ఒక దేశానికి గూఢచారి, పెళ్ళాం ఇంకో దేశానికి. ఆ సంగతి బయటపడ్డ దగ్గర్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. జిల్లాలో ఆడవాళ్ళకి ముద్ద దిగడం లేదు. మంత్రిగారి భార్య పద్మావతమ్మగారు మజ్జిగలో ఉప్పు వెయ్యడం మర్చిపోతున్నారు. ప్రభుత్వం ఎంతకాలమని చూస్తూ కూర్చుంటుంది?

చిక్కేమిటంటే, ఇదే ప్రకటన, ఇవే మాటలతో, ప్రతిపక్ష నాయకుడు పొద్దున్నే చల్లపల్లిలో చేసేశాడు. విలేకరులు రెండోసారి కూడా శ్రద్ధగానే రాసుకున్నారు.

ఆయన పరాయివాడేం కాదు. పద్మావతమ్మగారికి సొంత అన్న, మంత్రిగారి చెల్లెలికి మొగుడు. కుండమార్పిడి సంబంధం. ఏ పార్టీ గెలిచినా అధికారం గుమ్మం దాటిపోకుండా పెద్దలు ముందుచూపుతో చేసిన ఏర్పాటు.

"మన మాటలు మా బావకి మోస్తున్నది ఎవరయ్యా?" కారెక్కుతూ అడిగారు మంత్రిగారు.

"తెలీదు సార్" అన్నాడు పీఏ కృపానందం.

"నా పక్కన ఉండేది నువ్వేగా. ఆదివారానికల్లా దొంగని పట్టుకో. లేదంటే మళ్ళీ నాగాయలంక బడికే."

కృపానందం బడిపంతులు. భార్య దానమ్మ గుణదలలో నర్సు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన అక్కడ, ఆమె ఇక్కడ. ఈ పీఏ పని దొరికాకే ఇద్దరూ ఒక ఇంట్లో పొయ్యి వెలిగించారు.

ఆదివారం మంత్రిగారింట్లో పంచాయితీ. సీరియల్లో ఆ దంపతులుగా వేసే జాన్సన్‌నీ సింధూరినీ పిలిపించారు. మగపిల్లాడి తరఫున మంత్రిగారు, ఆడపిల్ల తరఫున పద్మావతమ్మగారు పెద్దమనుషులుగా కూర్చున్నారు.

"ఏం బాబూ, ఇంట్లో గుట్టు అవతలి దేశానికి ఎందుకు చేరేశావు?" అడిగారు మంత్రిగారు.

"స్క్రిప్టులో అట్లా ఉందండీ."

"స్క్రిప్టు మీదకి నెట్టకు. నువ్వేమంటావమ్మా?"

"మా ఇద్దరికీ పెద్దగా పరిచయం లేదండీ. విడివిడిగా షూట్ చేస్తారు."

"అదీ సంగతి. విడివిడిగా ఉంటే కాపురాలు ఇట్టాగే తగలడతాయి" అని తేల్చి, మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "ఒకే కంచంలో తింటూ రెండు పక్షాలకి పనిచేస్తే అది కాపురమా?"

పద్మావతమ్మగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. కొంగు చాటున ఆవిడ బొటనవేలు ఫోన్ మీద చకచకా కదలడం కృపానందం చూశాడు. ఇంతలో హాల్లో టీవీ అందుకుంది. "ఒకే కంచంలో తింటూ..." అంటున్నాడు ప్రతిపక్ష నాయకుడు.

జాన్సన్, సింధూరి తప్పయిపోయిందని చెప్పి, ఆటోలో రైల్వే స్టేషన్‌కి వెళ్ళిపోయారు. మిగిలిన ముగ్గురిలో మగవాళ్ళిద్దరూ భోజనానికి కూర్చున్నారు.

"రేపు మా బావ ఏం మాట్లాడతాడో మా చెల్లెలు పంపింది. మన ప్రసంగంలో పెట్టెయ్. పుట్టింటి మీద ప్రేమంటే అదయ్యా" అని మురిసిపోయారు మంత్రిగారు. "ఇంతకీ దొంగ దొరికాడా?"

పద్మావతమ్మగారు పప్పు గరిటె పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. కృపానందం విస్తరి వంక చూశాడు. చెబితే ఈ ఇంట్లో కాపురం పోతుంది. చెప్పకపోతే తన కాపురం.

"దొరకలేదు సార్."

"సరే. రేపే నాగాయలంక. ఆర్డరు నేనే చెప్పి వేయిస్తా. ఈ మాట ఈ గది దాటకూడదు."

పెరుగు తెస్తానని పద్మావతమ్మగారు లోపలికి వెళ్ళారు. పెరుగు ఇంకా రానేలేదు, టీవీలో బ్రేకింగ్ న్యూస్ వచ్చింది.

"నిజాయితీపరుడైన కృపానందం మాష్టారి బదిలీని తీవ్రంగా ఖండిస్తున్నాం" అంటున్నాడు ప్రతిపక్ష నాయకుడు.

మంత్రిగారు కలిపిన ముద్ద విస్తట్లో వదిలేశారు. టీవీ వంక చూశారు. కృపానందం వంక చూశారు.

"అన్నం దగ్గర కూడా ఆగలేకపోయావా?" అన్నారు.

పద్మావతమ్మగారు పెరుగు తెచ్చి, ముందు మాష్టారికే వడ్డించారు. ఉప్పు కూడా ఆవిడే వేశారు.