అన్నప్రాసన నాటి పొగ

1957 జూలైలో ఖరగ్‌పూర్ అంతా ఫ్లూ జ్వరంతో మూలుగుతుంటే, రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు నూకరాజు ఒక ఆదివారం కొడుక్కి అన్నప్రాసన పెట్టుకున్నాడు. పెళ్లయిన పదహారేళ్లకు పుట్టిన బిడ్డ. వాయిదా వేయమని ఎందరు చెప్పినా మనసొప్పలేదు. ముహూర్తం పదింటికి. తొమ్మిదిన్నరకే ముప్పై మంది వచ్చేశారు.

తిండి మీద ఈగ వాలినా, మురికి చేయి తగిలినా రోగం వస్తుందని వర్క్‌షాపు గేటుకు నోటీసు అంటించి ఉంది. నూకరాజు దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. గిన్నెల మూతులకు గుడ్డలు కట్టాడు. చుట్టాలందరి చేతా సబ్బుతో చేతులు కడిగించాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. వేపాకు పొగకు క్రిములు చస్తాయని ఎవరో అన్న మాట గుర్తొచ్చి, కిటికీలు మూసి, వంటింట్లో కనిపించిన వేపాకు బుట్టను అమాంతం నిప్పుల కుంపట్లో బోర్లించాడు.

క్షణాల్లో ఇల్లంతా ఘాటు కమ్మేసింది. ముప్పై మందీ దగ్గుతూ వీధిలో పడ్డారు. భార్య అప్పలకొండ బిడ్డ మొహాన కొంగు కప్పి బయటికొచ్చింది.

"పురుగు పట్టకుండా ఎండు మిరపకాయల మీద ఆ ఆకు కప్పినాను. కింద ఏటుందో సూడనేదా మావా?"

సరిగ్గా అప్పుడే బెంగాలీ శానిటరీ ఇన్‌స్పెక్టరు సైకిలు దిగాడు. ఎర్రబడ్డ కళ్లు, కారే ముక్కులు, ఆగని దగ్గులు. నూకరాజు చేతులు జోడించాడు.

"దాదా, జ్వరం కాదు. మిర్చీ."

ఆ నాలుగు మాటలకు ఎనిమిదిసార్లు దగ్గాడు. ఇన్‌స్పెక్టరుకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి లారీ తెప్పించి అందరినీ ఎక్కించాడు. రోగులున్న ఇంటి తిండి ఎవరూ ముట్టరాదని, గిన్నెలు వీధిలోకి తెప్పించి పులిహోర మీదా పరమాన్నం మీదా బ్లీచింగ్ పౌడరు చల్లించాడు. అప్పలకొండ తెల్లవారకముందే లేచి వండిన వంట అది. లారీలోంచి అది చూడలేక నూకరాజు మొహం తిప్పుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో ముహూర్తం దాటిపోయింది. డాక్టరు రాలేదు. బిడ్డ ఆకలికి గుక్కపట్టాడు.

"పదారేళ్లు సూసినాను, ఈ ఒక్క పూట కోసం," అంది అప్పలకొండ. ఇంత శుభ్రం పాటించి నూకరాజు తనే చేజేతులా పాడుచేసుకున్నాడు.

రోగులకు గంజన్నం తీసుకుపోతున్న నర్సు జ్ఞానరత్నం ఆ ఏడుపు విని ఆగింది. ఏమీ అడగకుండా, మెత్తగా మెదిపి ఒక చెంచా బిడ్డ నోట్లో పెట్టింది. తల్లిదండ్రులు వద్దనేలోపే అది గొంతు దిగింది. బిడ్డ పెదవులు చప్పరించి, మళ్లీ నోరు తెరిచాడు.

సాయంత్రం డాక్టరు ఒక్కొక్కరినీ పరీక్షించి, ఎవరికీ జ్వరం లేదని చీటీలిచ్చి పంపేశాడు. గొంతు చూసే చెంచాకు తానే నోరు తెరిచిన బిడ్డ చీటీలో అదనంగా ఒక ముక్క రాశాడు: "అన్నం అలవాటైనవాడే."