రిచర్డ్‌గారి లేసు కేసు

"ఖరగ్‌పూర్‌లో నేరమన్నది ఇంకా బతికున్నాదంటే కారణం ఒకటేరా తాతారావూ. నాకు వర్కుషాపులో డ్యూటీ ఉన్నాది!"

బుధవారం సాయంత్రం ఖరిదా బజారులో తాతారావు గాజుల కొట్టు ముందు నిలబడి, వీధంతా వినబడేట్టు రహస్యంగా ప్రకటించేడు రిచర్డ్. పగలు రైలు పెట్టెలకి రంగులేస్తాడు. సాయంత్రం డిటెక్టివు. ఇప్పటిదాకా పట్టిన దొంగలు ముగ్గురు. ఇద్దరు కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాళ్ళు, మూడోవాడు సొంత బావమరిది. ప్రతిసారీ వెళ్ళి క్షమాపణ చెప్పొచ్చింది తాతారావే.

"ఇప్పుడేటి కేసు?" నీరసంగా అడిగేడు తాతారావు.

"లేసు కేసు!"

నవ్వబోయి ఆగేడు తాతారావు. చర్చిలో ప్రభువు బల్లమీద గిన్నెలకి కప్పే చిన్న లేసు గుడ్డలు అదే సంఘంలోని దేవమణి అల్లి, ఉతికి, మలంచాలో తన డాబా మీద ఆరేస్తుంది. పద్ధెనిమిదేళ్ళుగా అదే పని. ఈ నెలలో మూడు మాయమయ్యేయి. అమ్ముకుందని ఎవరో అన్నారు. ఆదివారం సంఘం ముందు నిలబెట్టి అడుగుతారట. రెండ్రోజులుగా ఆవిడ వీధి మొహం చూళ్ళేదు.

"దొంగ దొరికినాడు," గొంతు తగ్గించేడు రిచర్డ్. "రిటైరైన గార్డు సమూయేలు! దేవమణక్క పక్క వీధే. డాబా మీద గోనెసంచుల తెర కట్టి, కన్నంలోంచి మూరెడు కెమెరా పెట్టి పొద్దస్తమానం సూస్తన్నాడు. ఎవులు ఏటి ఆరేసినారో కనిపెట్టడానికి కాకపోతే ఇంకేటి?"

పావుగంటలో ఇద్దరూ సైకిలు మీద మలంచా చేరేరు. రిచర్డ్ సమూయేలు డాబా ఎక్కి తెర లాగేడు.

"కదలకు!"

స్టూలు మీద కూర్చున్న సమూయేలు కదల్లేదు. ఇరవై రోజులుగా ఆయన చేస్తున్న పని అదే.

"మెల్లిగా బాబూ. బెదిరిపోతాది."

"ఎవర్తి? ముఠాలో ఆడది కూడా ఉన్నాదా? నిజం సెప్పు!" గద్దించేడు రిచర్డ్.

"గద్దే," అన్నాడు సమూయేలు.

రైల్వే యార్డులో లైటు టవరు మీద గద్ద గూడు కట్టింది. దగ్గరికెళ్తే తల్లి గూడు వదిలేస్తుందని, రెండొందల గజాల దూరం నుంచే ఫొటోలు తీస్తున్నాడాయన.

"పిల్లలు తలెత్తితే తీద్దారని, రీలులో ఆఖరి ఫొటో మూడ్రోజులుగా దాసుకున్నాను," అన్నాడు.

రిచర్డ్ వింటే కదా! కెమెరాకి వేలాడుతున్న నల్ల తీగ, దాని చివర బొత్తాం చూసేడు. మొహం పాలిపోయింది.

"బాంబు! పడుకోరా తాతారావూ!"

తీగ పీకబోయి, ఫొటో తీసే ఆ బొత్తాం నొక్కేసేడు. క్లిక్!

తాతారావు నిజంగానే పడుకున్నాడు. లేచి చూసేసరికి ముసలాయన కళ్ళనిండా నీళ్ళు. ఈసారి క్షమాపణతో పోయేది కాదు.

"ఇంక నా కొట్టు గుమ్మం ఎక్కకు," అన్నాడు రిచర్డ్‌తో, సైకిలెక్కుతూ.

ఆదివారం చర్చి ముందు దేవమణి తలొంచుకుని నిలబడింది. సంఘపెద్దలు గొంతు సవరించుకుంటున్నారు. ఆవిడ కోసం వచ్చిన తాతారావు గేటు దగ్గరే ఆగిపోయేడు. అంతలో సమూయేలు రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చేడు, చేతిలో ఫొటో.

గద్ద రెక్కలు విప్పి గూటి మీద వాలుతోంది. కాళ్ళలో లేసు గుడ్డ, ఆ బుధవారమే పోయిన నాలుగోది! గూటి అంచున ఇంకోటి వేలాడుతోంది. దాని పక్కన రెండు పిల్లలు, తలలెత్తి, నోళ్ళు తెరిచి.

ఫొటో చేతులు మారుతుంటే పెద్దలందరికీ నేల మీద ఏదో వెతుక్కోవలసిన పని పడింది.

"నా ప్లానే అది!" జనంలోంచి దూసుకొచ్చేడు రిచర్డ్. "అదును సూసి నొక్కినాను!"

తాతారావుకి అతన్ని కొట్టుకి రమ్మనాలో, కొట్టాలో తెలీలేదు.

"ఇప్పుడే టవరెక్కి సొత్తు దింపుతాను!" చొక్కా చేతులు మడిచేడు రిచర్డ్.

"ఒద్దు నాయినా," అంది దేవమణి, కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫొటోని దగ్గరగా పెట్టుకు చూస్తూ. "ఉండనీ. ఇంకా గంజెట్టనేదు, మంచిదే అయినాది. పిల్లలకి గుచ్చుకోదు."