కొబ్బరి చెట్టు లేని ఊళ్లో గాలి

గాలిని కొలవడానికి లోకంలో చాలా పరికరాలున్నాయి. వాటన్నిటికీ టెండర్లు పిలవాలి, బ్యాటరీలు మార్చాలి, ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా పెట్టాలి. ఈ బాధలేవీ లేని పరికరం ఒకటుందని శ్రీకాకుళంలోని స్వచ్ఛంద తుఫాను పరిశీలకుల సమన్వయ కేంద్రం దీర్ఘాలోచన చేసి కనిపెట్టింది. అది కొబ్బరి చెట్టు. (ఆలోచన జరిగిన హాలు కిటికీ పక్కనే ఒక కొబ్బరి చెట్టు ఉండటం కేవలం యాదృచ్ఛికమని కేంద్రం చెబుతుంది.)

అలా కొబ్బరి ప్రమాణం అమల్లోకి వచ్చింది. ఆకులు ఊగితే గాలి మొదటి మెట్టులో ఉన్నట్టు. ఆకులన్నీ ఒకే పక్కకు తిరిగితే రెండో మెట్టు. కాయలు రాలితే మూడు, మట్టలు విరిగి ఎగిరితే నాలుగు, చెట్టే కూలితే అయిదు. నాలుగో మెట్టుకు తుఫాను షెల్టరు తలుపు తీయనిస్తారు. అయిదో మెట్టుకు జనాన్ని తరలించడానికి బస్సు పంపిస్తారు. (కూలిన చెట్టు రోడ్డుకు అడ్డంగా ఉంటే బస్సు ఎలా వస్తుందన్నది రవాణా విభాగం చూసుకోవలసిన సంగతి.)

ఇంత చక్కని ఏర్పాటుకు దిష్టిచుక్కలా ఇసకమెట్ట అనే ఊరుంది. సముద్రం ఒడ్డునే ఉన్న ఆ ఊళ్లో ఒక్క కొబ్బరి చెట్టూ లేదు. ఒకప్పుడు తోటలకు తోటలే ఉండేవి. కొన్నేళ్ల కిందటి పెద్ద తుఫాను వాటిని ఒక్క పూటలో నేలమట్టం చేసింది. జనం కొన్నాళ్లు ఏడ్చి, తర్వాత ఆ దుంగల్ని పశువుల పాకలకు స్తంభాలుగా, కాలవ మీద వంతెనగా, ఈశ్వరి కిరాణా కొట్టు ముందు కూర్చునే బల్లగా వాడుకున్నారు.

ఈ ఈశ్వరే ఇసకమెట్ట స్వచ్ఛంద పరిశీలకురాలు. ఎంపిక చాలా కఠినంగా జరిగింది. కొట్లో ఇన్వర్టరు ఉందా అని అడిగారు, ఉందంది. ఆ ఉందన్న మాట వీధి చివరిదాకా వినబడింది, దాంతో ఎంపికైపోయింది. శ్రీకాకుళంలో శిక్షణ ఇచ్చి, ఒక వాకీటాకీ, నారింజ రంగు కోటు, కొబ్బరి ప్రమాణం బొమ్మలున్న అట్ట చేతిలో పెట్టారు. సెల్ టవర్లు పడిపోయినా ఈ రేడియో పనిచేస్తుందన్నారు. శిక్షణ మధ్యలో ఆమె లేచి, "మా ఊర్ల కొబ్బరి సెట్లు నేవు సారూ. మరెలాగ?" అని అడిగింది. ప్రశ్నలు చివర్లో అన్నారు. చివర్లో భోజనాలు పెట్టారు.

అయినా ఈశ్వరి ఆ వాకీటాకీని ప్రాణంలా చూసుకుంది. పెద్ద తుఫానులో ఆమె మావగారు పెంకుటింటి గోడ కింద పడి చనిపోయారు. బయటపడమని చెప్పేవాళ్లు ఆ రోజు ఒక్కరూ లేకపోయారు. ఆ ఇంటినే మళ్లీ నిలబెట్టుకుని అత్త అప్పలనరసమ్మ అందులోనే ఉంటోంది, కొడుకు డాబాలోకి రమ్మన్నా రాదు. ఈసారి కబురు తన నోటితోనే వెళ్తుందని, ఎవరి మావా గోడ కింద పడడని ఈశ్వరి గట్టిగా నమ్మింది.

కార్తీక మాసంలో ఒక రోజు పొద్దున మొదలైన గాలి, మధ్యాహ్నానికి మనిషిని నిలబడనివ్వనంతగా పెరిగింది. కరెంటు పోయింది, సెల్ టవరు పోయింది. ఊరి చివర స్తంభాల మీద కట్టిన షెల్టరు ఉంది గానీ దానికి అంకెల తాళం వేసి ఉంది. ఆ అంకెలు కేంద్రంలో కూర్చునే గాలి వర్గీకరణ అధికారి ధర్మేంద్ర నోటి నుంచే రావాలి. ధర్మేంద్రది గరివిడి. సముద్రం అంటే సెలవు రోజున చూసేదిగానే అతనికి తెలుసు.

ఈశ్వరి కొట్టు గుమ్మంలో నిలబడి బటన్ నొక్కింది.

"కేంద్రం, కేంద్రం, ఇసకమెట్ట మాటాడుతన్నాది. గాలి శానా గట్టిగున్నాది సారూ. షెల్టరు అంకెలు సెప్పండి. ఓవర్."

"ఇసకమెట్ట, గట్టిగా అనే మాట ప్రమాణంలో లేదమ్మా. మట్టలు ఎగురుతున్నాయా? ఓవర్."

"మట్టలు నేవు సారూ, రేకులు ఎగిరిపోతన్నాయి. సావిడి మీద రేకు ఒకటీ ఉండనేదు. ఓవర్."

"రేకులు భవనాల విభాగం కిందికి వస్తాయి. ఓవర్."

"సరుగుడు తోట సగం పడిపోనాది! ఓవర్."

"సరుగుడు అటవీ విభాగంది. వాళ్లకు విడిగా రేడియో ఉంది. ఓవర్." (ఆ రేడియో చార్జింగులో ఉంది. కరెంటు వచ్చాక పనిచేస్తుంది.)

ఈశ్వరి మొగుడు లక్ష్ముడు ఇదంతా వింటున్నాడు. అతనికి ఓపిక తక్కువ, తెలివి ఎక్కువ. దేవుడికి కొట్టే కొబ్బరికాయల గోనెసంచిని పై అర మీంచి తలకిందులు చేశాడు. కాయలు దడదడా కొట్టంతా దొర్లాయి.

"ఒసే ఈశ్వరీ, కాయలు రాలినాయని సెప్పు!"

ఆమె చెప్పింది.

"ఎక్కణ్ణుంచి రాలాయి? ఓవర్."

ఈశ్వరికి అబద్ధం ఆడటం చేతకాదు. "అర మీంచి సారూ. ఓవర్."

"చెట్టు మీంచి రాలాలమ్మా. ఓవర్."

లక్ష్ముడు వాకీటాకీ లాక్కున్నాడు. "సెట్టే కావాలా? మా కొట్టు ముందల సెట్టు పడే ఉన్నాది బాబూ, దాని మీదే అందరం కూసుంటాం. వచ్చి సూసుకో!"

ధర్మేంద్ర రికార్డులు వెతికించాడు. ఆ చెట్టు కిందటి తుఫాను లెక్కలో ఇదివరకే జమ అయిందనీ, ఒకే చెట్టును రెండు తుఫాన్లకు వాడుకోవడం కుదరదనీ మర్యాదగా తెలియజేశాడు. అంతటితో వదిలెయ్యకుండా పొరుగూరి పరిశీలకుడు తిరుమలరావును లైన్లోకి పిలిచాడు. తిరుమలరావు ఊళ్లో ఉన్న కొబ్బరి చెట్లు నాలుగూ రైసుమిల్లు గోడ చాటున ఉన్నాయి. వాటి ఆకులు ఒక పక్కకు తిరిగాయి, అంతే. అంటే రెండో మెట్టు. చెట్టే లేని ఇసకమెట్టది సున్నా. కేంద్రం ఈ రెంటికీ సగటు కట్టి, ఇసకమెట్టలో గాలి మొదటి మెట్టులో ఉందని తేల్చింది. అట్ట మీద మొదటి మెట్టు బొమ్మ కింద 'ఆహ్లాదకరం' అని రాసి ఉంది.

అప్పటికి సముద్రపు నీళ్లు కాలవలోకి ఎగదన్నుతున్నాయి. ఈశ్వరికి ఏడుపొచ్చింది. భయంతో వచ్చిన ఏడుపు కాదు, అవమానంతో వచ్చింది. కబురు చెప్పే మనిషి లేక ఒకసారి చచ్చారు, కబురు చెప్పినా ఈసారి చావాలా?

"సారూ, మీకు దండం పెడతాను. మా అత్త పెంకుటింట్ల ఉన్నాది. ముసిలోళ్లున్నారు, సంటి గుంటలున్నారు. ఆ అంకెలు సెప్పండి. ఓవర్."

ఈసారి అవతల గొంతు మారింది. గరివిడి కుర్రాడు బయటపడ్డాడు.

"ఒలమ్మా, నానేటి సెయ్యను? నాలుగో మెట్టు ఎక్కిస్తే గానీ ఈ కంప్యూటరు నాకే అంకెలు సూపించదు, సెట్టు నేని ఊరికి నాలుగు ఎక్కించనివ్వదు. నాకూ తెలీవు." ఓవర్ అనడం కూడా మరిచిపోయాడు.

ఈశ్వరి కళ్లు తుడుచుకుంది. వాకీటాకీని కోటు జేబులో పెట్టి, కొట్టు ముందున్న కొబ్బరి దుంగను చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది, ఇన్నేళ్ల కాపురంలో ఇది అరుదు.

పదిమంది మగాళ్లు దుంగను భుజాల మీద మోసుకెళ్లి షెల్టరు తలుపును గుద్దారు. నాలుగో దెబ్బకు తాళం ఊడింది. ఈశ్వరి తన పెద్ద గొంతుతో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కేకేసింది. అప్పలనరసమ్మ మంచం దిగనని మొండికేసింది.

"నాను రాను. ఈ ఇంట్ల మీ మావ ఉన్నాడు."

"మావ ఉంటే తర్వాత మాటాడుకుందురు గానీ, ముందు నువ్వుండాల," అని అత్తను రెండు చేతులా ఎత్తి భుజాన వేసుకుంది. అత్త తిడుతూనే ఉంది, కోడలు నడుస్తూనే ఉంది. ఊరంతా షెల్టరులో చేరాక సాయంత్రం దాకా గాలి ఊళను విన్నారు. మధ్య మధ్య రేడియోలో ధర్మేంద్ర, "ఇసకమెట్ట, ఏమైనా మార్పు ఉందా?" అని అడుగుతూ వచ్చాడు.

మర్నాడు పొద్దున అత్త ఇంటికి వెళ్లి చూస్తే గోడ పడి ఉంది. సరిగ్గా మంచం మీద. ఈశ్వరి అక్కడే కూలబడింది. అప్పలనరసమ్మ కోడలి తల మీద చెయ్యి వేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ చెయ్యి అక్కడికి రావడం అదే మొదలు.

వారం తిరిగాక ధర్మేంద్ర జీపులో వచ్చాడు. బియ్యం, టార్పాలిన్లు మాత్రం తిరుమలరావు ఊరికి వెళ్లాయి. అక్కడ మిల్లు గోడ కూలి ఒక కొబ్బరి చెట్టు మీద పడింది. (చెట్టును పడగొట్టింది గోడే అయినా, గోడను పడగొట్టింది గాలి కాబట్టి అయిదో మెట్టు మంజూరైంది.) ఇసకమెట్టలో తుఫాను నమోదు కాలేదు గనక ఇళ్లు కూలడానికి కారణం పాతబడటం అని రాసుకున్నారు. ఆహ్లాదకర వాతావరణంలో షెల్టరు తాళం పగలగొట్టినందుకు ఈశ్వరి సంజాయిషీ ఇచ్చుకోవాలి. రేడియో క్రమశిక్షణ పాటించి, ప్రతి మాట చివరా ఓవర్ అన్నందుకు ఆమెకే ప్రశంసాపత్రం కూడా తెచ్చాడు.

అప్పలనరసమ్మ అతణ్ణి పడిపోయిన ఇంటి దగ్గరికి తీసుకెళ్లింది. "గాలి నేదంటన్నావు కదా బాబూ. మరి నా ఇల్లు ఏటయ్యింది? అలిసిపోయి కూసున్నాదా?"

ధర్మేంద్ర గోడను చూశాడు, దాని కింద నలిగిన మంచాన్ని చూశాడు. పాపం, మంచివాడే. సమస్యను తను కేంద్రం దృష్టికి తీసుకెళ్లానని, కేంద్రం వెంటనే స్పందించిందని నెమ్మదిగా చెప్పి, జీపులోంచి ఒక కొబ్బరి మొక్కను దింపించాడు. కొట్టు ముందు, దుంగ ఉండే చోటే పాతించి, చుట్టూ కంచె కట్టించి, 'తుఫాను కొలమానం, ముట్టరాదు' అని బోర్డు పెట్టించాడు.

మొక్క ఈశ్వరి మోకాలి ఎత్తుకు కూడా లేదు.

"ఇది కాయలు కాసి, మట్టలేసి, పడిపోడానికి ఎన్నాళ్లు పడతాది సారూ?" అని అడిగింది ఈశ్వరి.

"ఎనిమిదేళ్లు పట్టొచ్చమ్మా."

"అందాకా?"

ధర్మేంద్ర జీపెక్కి, ఎంతో ఆప్యాయంగా ధైర్యం చెప్పాడు.

"అందాకా మీకే భయమూ లేదమ్మా. మీ ఊరికి తుఫాను రాదు."